నాగమణి పట్టు

మా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో ఆడవాళ్ల కబడ్డీ పోటీలు పెట్టారు. నాకు పదమూడేళ్లు. నన్నూ, నా స్నేహితురాలు గ్రేస్‌నీ మా నాన్న గుండుగొలను నుంచి స్కూటర్ మీద తీసుకెళ్లారు...

అక్కడ చూశాను నాగమణిని. ఆటే ఆమె ఉద్యోగం, ఏదో ఆఫీసు జట్టుకు ఆడేది. కూతకు వచ్చిన అమ్మాయి చీలమండ పట్టుకుందంటే రిఫరీ ఈల వేసినా వదిలేది కాదు. ఒక మెలి తిప్పి, అప్పుడు వదిలేది. జనం "బయటికి పంపండి దాన్ని!" అని అరిస్తే, చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా అరవండి అన్నట్టు నవ్వేది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

"అలాంటిదానికి చప్పట్లేంటమ్మా, తప్పు కదూ," అన్నారు నాన్న. గ్రేస్ మాత్రం కుంటుతూ వెళ్తున్న అమ్మాయినే చూస్తోంది.

తప్పని నాకూ తెలుసు. కానీ పొద్దున లేస్తే ఇంట్లో... గట్టిగా నవ్వకు, మెల్లగా నడువు, ఎదురు చెప్పకు. అంతమంది తిడుతున్నా తల దించని ఆడమనిషిని చూడటం నాకదే మొదటిసారి.

తర్వాతి వారం బళ్లో మాకూ పక్క సెక్షన్‌కూ ఆట. గ్రేస్ అవతలి జట్టు. ఏలూరులో జరిగే జిల్లా జట్టు ఎంపికకు మా బడి నుంచి వెళ్లేది తనొక్కతే. కూతకు వచ్చింది. కాలు పట్టాను. కూత ఆగింది, డ్రిల్లు మాస్టారు ఈల వేశారు.

నేను వదల్లేదు. తిప్పాను.

గ్రేస్ కేక విని అందరూ నా మీద అరిచారు... ఆ ఒక్క క్షణం నాకు బాగుంది. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు పరుగెత్తుకొచ్చి, "కావాలని తిప్పావా?" అని గద్దించారు. నేను నోరు విప్పేలోపే, ఏడుస్తూనే గ్రేస్ అంది. "లేదండీ... నేనే లాక్కోబోయి పడ్డానండీ."

ఎముక విరిగింది. ఎంపికకు వెళ్లలేదు. రెండు రోజుల తర్వాత చూడ్డానికి వెళితే, వాళ్లమ్మగారు సత్తు కంచంలో కొల్లేరు చేపల పులుసుతో అన్నం పెట్టారు. "దాన్ని ఆటో దాకా మోసింది నువ్వేనట కదమ్మా, తిను," అన్నారు. తలెత్తకుండా తిన్నాను. ఆ తర్వాత మళ్లీ కబడ్డీ ఆడలేదు.

మొన్న జంగారెడ్డిగూడెం బస్టాండులో గ్రేస్ కనిపించింది. ఇప్పుడు టీచరు. మాట్లాడినంతసేపూ బరువంతా ఒక కాలి మీదే వేసి నిలబడింది. ఆగలేక చెప్పేశాను.

"ఆ రోజు కావాలనే తిప్పాను గ్రేసూ."

"తెలుసులేవే. నీ మొహం చూశాగా."

"మరి మాస్టారికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను ఆటలోంచి తీసేసేవారు. నేనెలాగూ ఆడలేను, నువ్వైనా ఆడతావనుకున్నా. నువ్వేమో మానేశావు... నాకు కోపమల్లా దానికే."

ఏలూరు బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

అప్పట్లో అలాంటి ఆటగాళ్లను చూడాలంటే ఊరు దాటి వెళ్లాలి. ఇప్పుడు మా అమ్మాయి అరచేతిలోనే చూస్తోంది... ఎదుటివాళ్లను గుద్ది, జనాన్ని వెక్కిరించేవాళ్ల వీడియోలు, రోజంతా. వద్దనాలనే పక్కన కూర్చుంటాను. కూర్చుని, నేనూ చూస్తాను.

మీరు చిన్నప్పుడు ఎవరి పొగరు చూసి మురిసిపోయారు? ఆ మురిపానికి మీ పక్కనున్న వాళ్లెవరైనా దెబ్బ తిన్నారా? రాయండి... నేనొక్కదాన్నే కాదేమో అనుకోవాలనుంది.