మూడో బేస్ దగ్గర నా అరుపు

వై2కే గండం గడిచిన ఏడాది మార్చిలో సింగపూర్‌లోని ఒక తెలుగువారి సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను తన బేస్‌బాల్ జట్టుకు కోచ్‌గా తీసుకుంది. నేను నిజామాబాద్‌లో బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆడి, జిల్లా జట్లకు శిక్షణ ఇచ్చి వచ్చినవాణ్ని. కంపెనీకి పని ఇచ్చేవారిలో జపాన్‌వాళ్లు ఎక్కువ. వాళ్లు ఆదివారం ఉదయాలు వుడ్‌ల్యాండ్స్‌లో ఒక స్కూలు మైదానంలో లీగ్ ఆడేవారు. మనవాళ్లూ ఆడితే పరిచయాలు పెరుగుతాయని మేనేజర్ ప్రసాద్ గారి ఆలోచన. నా ఒప్పందం ఒక్క సీజన్‌కే. జట్టు రెండో దశకు చేరితే పొడిగిస్తామన్నారు.

గత నెల ఆ పాత జట్టు పాయా లేబర్‌లో భోజనానికి కలిసింది. "క్రికెట్ రమణ కొంప ముంచిన మ్యాచ్" కథ మళ్లీ చెప్పుకుని నవ్వారు. రమణ అక్కడ లేడు. ఆ కథ నిజం కాదు. దాన్ని మొదట చెప్పినవాణ్ని నేనే కాబట్టి సరిదిద్దవలసిందీ నేనే.

జట్టులో అందరూ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు. బంతిని కొట్టడం వాళ్లకు వారంలో వచ్చింది. పరుగెత్తడం రాలేదు. బేస్‌బాల్‌లో ఒక పరుగుకు వరుసగా నాలుగు బేస్‌లు తాకాలి, చివరిది హోమ్. మొదటి బేస్‌ను తాకి ముందుకు దూసుకుపోయినా ఫరవాలేదు. రెండో బేస్, మూడో బేస్ దాటి ఒక్క అడుగు పడినా బంతితో తాకి ఔట్ చేస్తారు. మావాళ్లు క్రీజు దాటాం కదా అన్న ధీమాతో రెండో బేస్ దాటి నాలుగడుగులు పోయి, అక్కడ నిలబడి చేతులు దులుపుకునేవారు.

రమణది గుంటూరు జిల్లా, ముప్పై దాటిన ప్రోగ్రామర్. మొదటి రోజు బంతిని కొట్టి, బ్యాట్ కింద పడేయకుండా దానితోనే పరుగెత్తి, వంగి బేస్‌కు ఆనించాడు.

"ఒరే రమణా, బ్యాట్ అద్దెకు తెచ్చావేంట్రా, వదలట్లేదు!" అని జట్టులోని కిశోర్ అరిచాడు. అందరితో పాటు నేనూ నవ్వి అతనికి "క్రికెట్ కాళ్లు" అని పేరు పెట్టాను. ఆ పేరు అతికిపోయింది.

మూడు నెలల్లో మా జట్టులో అందరికంటే తెలివిగా పరుగెత్తేవాడు అతనే అయ్యాడు. వేగం వల్ల కాదు. తెలివైన రన్నర్‌కు పరుగు మొదలుపెట్టకముందే ఎంతమంది ఔటయ్యారో, బంతి ఎటు పోతే తను ఎక్కడిదాకా పోగలడో తెలిసి ఉండాలి. ఎదుటి జట్టు వార్మప్ చేస్తున్నప్పుడు ఏ ఫీల్డర్ విసురు బలహీనమో చూసి రమణ అరచేతిలో పెన్నుతో రాసుకునేవాడు. అలా రాసుకోమని నేను చెప్పలేదు.

అందరికంటే కష్టపడి నేర్పింది ట్యాగ్ అప్. బంతి గాల్లోకి లేచి క్యాచ్ అయితే, అది ఫీల్డర్ గ్లవ్‌కు తగిలేదాకా రన్నర్ తన బేస్‌ను తాకి ఉండాలి. తగిలాక పరుగెత్తవచ్చు. ముందే కదిలితే, బంతిని ఆ బేస్‌కు చేర్చి అతన్ని ఔట్ చేస్తారు. క్రికెట్‌లో బంతి పైకి లేవగానే పరుగందుకుంటారు, క్యాచ్ వదిలేస్తే ఒక పరుగు వస్తుందని. ఆ అలవాటు మాన్పించాలి.

ప్రాక్టీసు తర్వాత తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో, అక్కడివాళ్లలా టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేస్తూ, అంటే మాకోసం ఆపిపెడుతూ, రమణ అడిగాడు. "బేస్ మీద కూడా ఇట్టా టోపీ పెట్టి పోతే కుదరదా సార్?"

"కుదరది. కాలే పెట్టాలె," అన్నాను.

మూడో బేస్ పక్కన కోచ్ నిలబడే గీతల గడి ఉంటుంది. క్యాచ్ సమయంలో రన్నర్ తల తిప్పకుండా హోమ్ వైపే చూడాలని, బంతి సంగతి నాకు వదిలేయాలని నా నియమం. నేను "ఉరుకు" అనగానే కదలాలి. తెలుగులో అరిస్తే ఎదుటివాళ్లకు తెలియదు.

"మీరు పొరబడితే సార్?" అన్నాడు రమణ.

"నేను పొరబడ. నీ చెవి నాకియ్యి, చాలు."

జూన్‌లో ఒక ఆదివారం, చివరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనకబడ్డాం. మూడు ఔట్లకు ఇన్నింగ్స్ ముగుస్తుంది, అప్పటికి ఒకరే ఔట్. రమణ మూడో బేస్ మీద ఉన్నాడు. కిశోర్ కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డర్ వైపు ఎత్తుకు లేచింది. రమణ బేస్ మీద కాలు నొక్కి, హోమ్ వైపు వంగి, నా మాట కోసం ఆగాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే నా నోటి నుంచి "ఉరుకు" వచ్చేసింది. పదహారేళ్లదాకా నేనూ క్రికెట్టే ఆడాను. వాళ్ల కాళ్లలోంచి తీసేసిన అలవాటు నా గొంతులో మిగిలి ఉంది.

ఫీల్డర్ క్యాచ్ పట్టాడు. రమణ అప్పటికి మూడడుగులు పోయాడు. బంతి మూడో బేస్‌కు వచ్చింది, అంపైర్ ఔటని పిడికిలి ఎత్తాడు. కిశోర్ క్యాచ్‌తో కలిపి మూడు ఔట్లు. మ్యాచ్ పోయింది. మా బెంచీ అవతల మొదటి బేస్ వైపు ఉంది, అక్కడ అందరూ కేకలు వేస్తున్నారు. నా అరుపు విన్నది రమణ ఒక్కడే.

ప్రసాద్ గారు గబగబా వచ్చారు. "ఏమైందండీ కోచ్ గారూ?"

"తొందరపడ్డడు. పాత అలవాటు," అన్నాను.

రమణ నాలుగడుగుల దూరంలో బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ లేసుల వైపు వంగాడు.

"క్రికెట్ కాళ్లు కదా!" అన్నారు ఎవరో. నేను పెట్టిన పేరే సాక్ష్యమైంది. మిగిలిన రెండు మ్యాచ్‌లకు అతన్ని పక్కన పెట్టమన్నారు ప్రసాద్ గారు. పెట్టాను. రెండూ గెలిచి రెండో దశకు చేరాం. నా ఒప్పందం పొడిగించారు.

ఆ వారమే రమణ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌కు వచ్చాడు. యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చాడు.

"ఉరుకు అన్నది మీరేగా సార్?"

"అన్న."

"ప్రసాద్ గారికి మీరే చెబుతారనుకున్నా. అందుకే నేను నోరెత్తలా."

వచ్చే సీజన్‌లో చూద్దామన్నాను. అతను తలూపి లిఫ్ట్ వైపు నడిచాడు. మళ్లీ మైదానానికి రాలేదు.

తర్వాత ఎన్నో జట్లకు పరుగు నేర్పాను, బాగానే నేర్పాను. రన్నర్ తన భుజం మీదుగా బంతి గ్లవ్‌లో పడటం తనే చూడాలని నియమం మార్చాను. కోచ్ అరుపు రెండో సాక్ష్యం మాత్రమే. నేను పంపిన రన్నర్ ఔటైతే, అతను బెంచీకి చేరేలోపు నేనే ముందు వెళ్లి "పంపింది నేను" అని చెప్పేవాణ్ని. ఈ రెండు పద్ధతులూ ఆ ఆదివారం వల్ల వచ్చినవే.

దీన్ని రమణకూ, జట్టువాళ్లకూ ముందు పంపి, ఆ తర్వాతే ఇక్కడ రాస్తున్నాను. స్కోరు పుస్తకంలో ఆ ఔట్ రమణ పేరు మీద ఉంది. అతను నా మాట విన్నాడు. తప్పు నాది.