కొంచెం గరుకు

చొక్కాల ఫ్యాక్టరీలో సరుకు కొనుగోళ్లు చూసే ఆయన్ని అందరూ ‘కొంచెం గారు’ అనేవారు. ఎవరి సరుకునైనా ‘కొంచెం గరుకు’ అనేవాడే గానీ, బాగాలేదని మొహం మీద అన్న పాపాన పోలేదు.

ఏ సరుకు ఎవరి దగ్గర కొనాలో సలహా చెప్పే ఫజీ లాజిక్ ప్రోగ్రామ్ రాయడానికి వచ్చిన అమ్మాయి ఆయన్నే పట్టుకుంది.

“మంచిదా, చెడ్డదా అని అడగను బాబాయ్‌గారూ. ఎంత గరుకో చెప్పండి చాలు. సున్నా అంటే నున్నన, ఒకటంటే పూర్తి గరుకు. మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు.”

“అచ్చం నా బుద్ధేనమ్మా నీ మిషనుకి!”

ఆయన మురిసిపోతూ, ఆమె తెచ్చిన సంచుల్లోని గుండీల మీద బొటనవేలు తిప్పి ఒక్కోదానికీ ఒక్కో అంకె చెప్పాడు. ఏ సంచి ఎవరిదో ఆమె చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ప్రోగ్రామ్ ఇచ్చిన మొదటి సలహా, ఆయన బావ దగ్గర గుండీలు కొనడం మానెయ్యమని. గరుకు: సున్నా పాయింట్ తొమ్మిది.

“తప్పేమో చూడమ్మా.”

ఆమె అదే సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. బొటనవేలు ఒక గుండీ చిల్లు అంచు దగ్గర ఆగిపోయింది. తప్పు కాదు. ఆ అంచులకే దారం తెగి చొక్కాలు వెనక్కి వస్తున్నాయి.

“పోనీ, అంకెలు కాస్త సడలించమంటారా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆయన వెళ్లేసరికి బావ, ఇంటి ముందు షెడ్డులో ఎడమచేత్తో కుడి మణికట్టు బిగపట్టుకుని గుండీలకు చిల్లులు వేస్తున్నాడు.

“రారా బావమరిదీ! ఈసారి ఆర్డరెంత?”

“ఈసారి లేదు బావా. కొత్త మిషను వద్దంది.”

“దానికో మాట చెప్పరాదూ?”

“దానికి నేర్పింది నేనే.”

బావ స్విచ్చి ఆపాడు. మిషను ఆగినా చేతి వణుకు ఆగలేదు.

“సరుకెలా ఉందిరా అని ఎన్నిసార్లడిగాను? ఏమనేవాడివి?”

“కొంచెం గరుకు అనేవాణ్ణి.”

“ఆ మాటే పట్టుకు కూర్చున్నానురా. డాక్టరుకి చూపించుకోమని మీ అక్క పోరుతుంటే, మీ తమ్ముడే కొంచెం అంటున్నాడు కదే, నా చేతికేమైందని కసిరాను.”

ఆయన బావ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ వణుకు తన మోచేతుల దాకా పాకింది.

“ఇప్పుడు చెప్పు. ఎంత వణుకుతోంది?”

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

“చాలా వణుకుతోంది బావా.”

ఇంట్లో అక్క గిన్నెలు కడిగే చప్పుడు ఆగిపోయింది.