అక్క సైకిలుకు మేకుల టైర్లు

మా అక్క ఎలా పడిందని అడిగితే మా వీధిలో అందరూ ఒకే మాట చెబుతారు: కాలవగట్టు జారి పడింది. అక్క కూడా అదే చెబుతుంది. అది పూర్తి నిజం కాదు. నిజం తెలిసినవాళ్లం ముగ్గురం: అక్క, సైకిల్ షాపాయన, నేను. వాళ్లిద్దరూ చెప్పరు. అందుకే నేను రాసిపెడుతున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. కంకిపాడులో ఎరువుల కొట్లో పనిచేస్తాను. మిగతా చదువంతా లైబ్రరీలోనే. పక్షుల వలసలు, ఓడలు కట్టే పద్ధతులు, గుండె కొట్టుకునే తీరు, అన్నీ అక్కడి బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవే. కొట్టుకు వచ్చే రైతులు "మన పంతులుగారిని అడగండి" అని వేళాకోళం చేస్తే పైకి నవ్వేసేవాణ్ణి. లోపల మాత్రం పొంగిపోయేవాణ్ణి.

అక్క చేపలమ్మేది. తెల్లారేసరికి చెరువు దగ్గర సరుకు తీసుకుని, సైకిలు వెనక సత్తు బేసిన్ కట్టుకుని, కాలవగట్టు మీదుగా మూడూళ్లు తిరిగేది. బావ పోయాక ఆమెకు ఆ సైకిలే ఆధారం. ఆ ఏడు కాలవలో పూడిక తీసి గట్టు మీదే పోశారు. పగలు ఎండకు బాగానే ఉండేది. పుష్యమాసం వచ్చాక, కురిసిన మంచుకు పొద్దున్నే పైపైన నల్లమట్టి నానిపోయి సబ్బులా తయారయ్యేది. అక్క రెండుసార్లు పడింది. మూడోసారి బేసిన్ కాలవలోకి దొర్లింది.

"బతికున్నవన్నీ ఈదుకుంటూ పోయాయిరా. చచ్చినవి మాత్రం నా మొహమే చూస్తా తేలాయి," అంది మోకాలికి పసుపు రాసుకుంటూ.

తారురోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్తే చాలా ఆలస్యమయ్యేది. అప్పటికే ఒకతను మోపెడ్ మీద ఆ ఊళ్లకు చేపలు తెస్తున్నాడు. ముందు ఎవరొస్తే వాళ్ల దగ్గరే కొంటారు. ఆ చలికాలమంతా గట్టు మీద పడకుండా వెళ్లగలిగితేనే అక్కకు ఆమె వాడుక ఇళ్లు మిగులుతాయి.

ఆ వారమే లైబ్రరీలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. చలిదేశాల్లో సైకిలు తొక్కేవాళ్ల గురించి. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు సాయంత్రాలు చదివాను. అక్కడ బాటల మీద నీళ్లు గడ్డకట్టి అద్దంలా ఉంటాయట. టైర్ల నిండా చిన్న ఉక్కు మేకులు బిగిస్తారట. అవి ఐసులోకి దిగి చక్రాన్ని పట్టి ఉంచుతాయట. బొమ్మ చూడగానే నాకు అక్క సైకిలే గుర్తొచ్చింది. జారుడంటే ఎక్కడైనా జారుడే కదా అనుకున్నాను.

విజయవాడ వెళ్లి పొట్టి స్టీలు స్క్రూలు కొని సైకిల్ షాపాయన ముందు పోశాను. ఒక టైరుకు లోపలినుంచి బయటికి నాలుగైదు బిగించి చూపించాను.

"టైరాండీ ఇది, పనసకాయా?" అన్నాడాయన.

"చలిదేశాల్లో ఇలాగే చేస్తారండి."

"అక్కడ బురదుంటదా?"

"ఐసుంటుంది. బురదకన్నా ఎక్కువ జారుద్ది."

"ఐసు చక్రానికి అంటుకోదు గురువుగారూ. మన రేగడి అంటుకుంటే వదలదు. మొదట వెనక చక్రానికే వేసి చూద్దామండి."

"ముందు చక్రమే ముఖ్యమని పుస్తకంలో ఉందండి."

పుస్తకం అనేసరికి ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. నాకది గెలుపులా అనిపించింది. స్క్రూల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా పాత ట్యూబు కోసి లోపల పరిచి, రెండు టైర్లూ పూర్తిచేశాం.

"ముళ్లపందిని తోలుకొచ్చావేంట్రా?" అంది అక్క. చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది. "చదివే చేశావుగా?"

"చదివే చేశానక్కా."

"అయితే సరే."

మర్నాడు పొద్దున్నే ఆమె వెనక నా సైకిలు మీద నేనూ బయల్దేరాను. పొగమంచులో నాకు బేసిన్ మెరుపు ఒక్కటే కనిపిస్తోంది. కొంతదూరం మేకులు నిజంగానే పట్టాయి. "పట్టిందిరా తమ్ముడూ!" అని అరిచింది అక్క. ఆ తర్వాత మేకుల మధ్య మట్టి పేరుకోవడం మొదలైంది. మడ్‌గార్డు కింద ముద్దలు కట్టింది. చక్రం బరువెక్కి, అక్క సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతోంది. అలా తొక్కుతూనే తూము మీది సిమెంటు చప్టా ఎక్కింది. ఉక్కు సిమెంటును గీరిన చప్పుడు వినిపించింది. ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు జారిపోయింది. ఆమె తుంటి చప్టా అంచుకు తగిలింది.

నా కేకలు విని ముందుగా వచ్చింది ఆ మోపెడ్ అతనే. ఇద్దరం కలిసి ఆమెను రోడ్డు దాకా మోసుకెళ్లి ఆటో ఎక్కించాం. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఇప్పుడు ఇంట్లో కర్ర పట్టుకుని నడుస్తుంది. సైకిలు ఇక తొక్కలేదని డాక్టరు మొదటిరోజే చెప్పేశారు. ఆమె వాడుక ఇళ్లన్నీ మోపెడ్ అతనివయ్యాయి. "వాడి తప్పేముందిరా," అంటుంది అక్క.

తర్వాత ఆ పుస్తకం మళ్లీ తెరిచాను. బొమ్మ ఉన్న పేజీలోనే, కింద, ఐసు లేని గట్టి నేల మీద ఈ మేకులు పట్టు ఇవ్వవని, జారతాయని రాసి ఉంది. ఆ వాక్యంలో ఒక మాట పక్కన నా పెన్సిల్ చుక్క ఉంది. అర్థం తెలియని మాటలకు నేను పెట్టుకునే గుర్తు అది. అంటే ఆ మాటకు డిక్షనరీలో అర్థం కూడా చూశాను. మన దారిలో ఉండేది మెత్తటి బురదే, గట్టి నేల గురించిన ఈ జాగ్రత్త మనకెందుకని దాటేశాను.

సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. పేర్లు రాయొద్దని అక్క అంది. కాబట్టి, రేగడి సంగతి ముందే చెప్పి కూడా నా మాట కాదనలేకపోయిన సైకిల్ షాపాయనకు, గుంతల్లో ఆటోను నెమ్మదిగా నడిపినాయనకు, ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోని లైబ్రేరియన్ గారికి, అక్కను మోసి ఇప్పుడు ఆమె వీధుల్లో చేపలమ్ముకుంటున్న మోపెడ్ అతనికి దండాలు. అందరికన్నా ఎక్కువగా, ఏడాది దాటినా గట్టు జారిందనే చెబుతున్న మా అక్కకు.

ఆమెకు చదువు రాదు. ఇదంతా చదివి వినిపిస్తానన్నాను.

"వద్దులేరా. నువ్వు చదివింది చాలు," అంది.