వాచీ మెచ్చిన నడక

మనిషి నిప్పు రాజేసిన రోజు తరువాత చరిత్రలో చెప్పుకోదగ్గది, దర్జీ మణికట్టుకు అడుగులు లెక్కపెట్టే వాచీ ఎక్కిన రోజే. వీధి వీధంతటికీ కొలతలు తీసిన మనిషి, తననూ కొలిచే నాథుడు దొరికాడని పొంగిపోయాడు. అంతకుముందు రోజూ పొద్దున్నే అన్నయ్యతో కబుర్లాడుతూ, దారిపొడుగునా ఆగుతూ పార్కు చుట్టూ తిరిగేవాడు. ఇప్పుడు నడక బాగుందా అని ఎవరైనా అడిగితే, మణికట్టు చూసుకుని గానీ జవాబు చెప్పడు. వాచీ మెచ్చని రోజు టీ కూడా చేదే.

ఒకరోజు అన్నయ్య పార్కు గేటు దగ్గర ఆగిపోయాడు.

"నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానురా. నీకో మాట చెప్పాలి."

"చెప్పన్నయ్యా, వింటున్నా," అంటూనే దర్జీ నిలుచున్నచోటే మోకాళ్లు ఎత్తి దించుతున్నాడు. ఆగితే వాచీ లెక్క ఆపేస్తుంది మరి.

"కాస్త కుదురుగా నిలబడరా బాబూ!"

"వేగం పడిపోతుందన్నయ్యా. నడుస్తూ చెప్పకూడదూ?"

"నీతో పరిగెత్తడం నావల్ల కాదు గానీ, వెళ్లు నాయనా. మీ వాచీగారికి కోపమొస్తుంది."

దర్జీ వెళ్లాడు. ఆ పూట అడుగుల లెక్క నిండిందని వాచీ తెరమీద పూలు కురిశాయి. అతను మహదానందపడ్డాడు. అన్నయ్యకు కుడికంటి చూపు ఇక తిరిగి రాదన్న సంగతి, తరువాతి వారం వదిన చెబితే తెలిసింది.