తోట తడిక దగ్గర పాలగిన్నె

మా సైన్సు టీచరుగారు పోయారు. మంగళవారం పొద్దున్నే రాయగడ నుంచి ఆవిడ చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మ ఎల్లిపోయిందక్కా" అంది. కొరాపుట్‌లో మా నర్సరీలో నారుకు నీళ్లు పెడుతున్నాను అప్పుడు. పైపు ఎప్పుడు వదిలేశానో తెలియదు, మడి మొత్తం మునిగింది.

ఆవిడది శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. రాయగడలో మా బడికి దగ్గరగా కొల్నార రోడ్డులో ఇల్లు, వెనకాల చిన్న తోట, దానికో వెదురు తడిక. తడిక పక్కన స్టూలు మీద ఎప్పుడూ ఒక పాలగిన్నె ఉండేది. ఎవరైనా సరే వేళ్లు ఆ పాలలో ముంచాకే మొక్క ముట్టుకోవాలి. వీధిలో వాళ్లు అదేదో చర్చి ఆచారమనుకునేవారు. మా అమ్మయితే, "మనకి టీకే సాలవు, ఆ యమ్మ పాలతో సేతులు కడుక్కుంటాదేటి" అని మూతి తిప్పేది.

మాది బజారులో కిరాణా కొట్టు. సంత రోజున కొండల నుంచి దిగేవాళ్లకు పొగాకు కట్ట విప్పి తుంచి ఇవ్వడం నా పని. ఆ సంగతి టీచరుగారికి తెలుసు. "పొగాకులో మొక్కల జబ్బు దాగుంటాది అమ్మి. ఆకు ఎండినా అది సావదు. నీ యేళ్ల నుంచి టమాటాకి అంటిందంటే ఇంకంతే. పాలు దాని పొగరు అణుస్తాయి" అనేవారు.

జబ్బు ఒక ఆకు నుంచి మొక్కంతా ఎలా పాకుతుందని అడిగాను ఒకసారి. మొక్కలో కణానికీ కణానికీ మధ్య గోడ ఉంటుందని, ఆ గోడల్లో కంటికి ఆనని దారులు ఉంటాయని చెప్పారు. తిండి అటే వెళ్తుంది. ఎటు పెరగాలో, ఎప్పుడు పూయాలో ఆ కబురూ అటే వెళ్తుంది. "మీ ఈదిలో రెండిళ్ల నడిమి గోడ కన్నంలోంచి కూరగిన్నె అందించుకోరేటి, అలాగన్నమాట. వైరస్ గోడ పగలగొట్టదు. ఆ కన్నమే కాస్త పెద్దది సేసుకుని పక్కింటికి పోతాది." దెబ్బ తగిలితే మొక్క ఆ దారులు మూసుకుంటుందట. మూసే ఉంచితే మొగ్గ ఎదగదట. "ఎప్పుడు ముయ్యాలో ఎప్పుడు తియ్యాలో దానికి తెలుసు. మనకే తెల్దు" అని నవ్వేవారు.

వాళ్లమ్మ ఇచ్చిన నాటు టమాటా విత్తనం ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. రామ్ములక్కాయ అనేవారు దాన్ని. చిన్న కాయ, నషాళానికంటే పులుపు. పాతబడి మొలక తగ్గుతోందని ఒక ఏడు మిగిలిన గింజలన్నీ నాటేశారు. పక్క పిలకలు గిల్లడానికి నన్ను రమ్మన్నారు. ఆ రోజు సంత. ఆలస్యమైపోయి పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఎండకు పాలు విరిగి కంపు కొడుతున్నాయి. చేతులు గౌనుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాను.

"సేతులు ముంచేవా అమ్మి?" అన్నారు వసారాలోంచి.

"ముంచేనండీ" అన్నాను.

మూడు వారాలకు లేతాకులు పసుపు మచ్చలు తేలి ముడుచుకుపోయాయి. జబ్బు గింజనూ అంటుకుంటుంది కాబట్టి ఒక్క కాయ కూడా దాచడానికి లేదన్నారు. అన్నీ పీకి తగలబెట్టారు. నేనే మోసుకొచ్చి మంటలో వేశాను. "నేనే ఏదో రోజు సెయ్యి ముంచడం మర్సిపోయుంటాను. మాయమ్మకి ఏటి సెప్పను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పక్కనే నిలబడి విన్నాను.

ఆవిడ నేర్పిన విద్యతోనే ఇవాళ అన్నం తింటున్నాను. మా నర్సరీ గుమ్మంలోనూ పాలగిన్నె ఉంటుంది. కిందటి నెల ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే, గంజి రెండు చెంచాలు తాగి, "ఆ రామ్ములక్కాయ పులుపు మళ్లీ ఎక్కడా తగల్లేదమ్మి. పప్పులో ఒక్కటేస్తే సాలేది" అన్నారు. ఆ రోజు చెయ్యి ముంచలేదని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ తిడతారని కాదు. క్షమించేస్తారు, ఆ చేత్తోనే నా తల నిమురుతారు. అది నేను తట్టుకోలేను. దుప్పటి సర్ది, "పడుకోండి" అని వచ్చేశాను. అంత పిరికిదాన్ని.

సమాధుల తోటకు మూత గిన్నెలో పాలు పట్టుకెళ్లాను. మన్ను వేసే వంతు వచ్చినప్పుడు మూత తీసి వేళ్లు ముంచాను. పక్కనున్న చెల్లెలి కూతురు, "ఏటక్కా ఇది?" అంది. అప్పుడు చెప్పాను, టమాటాలకు జబ్బు తెచ్చింది నేనేనని, ముంచానని అబద్ధమాడానని. ఆ పిల్ల శవపెట్టె వైపు చూసి, "పెద్దమ్మ ఇంక ఇనదు కదక్కా" అంది.

వంగి గుప్పెడు మన్ను తీశాను. ఎర్రమన్ను పాల తడికి వేళ్లకు అంటుకుపోయింది. ఎంత విదిలించినా సగం నా చేతిలోనే ఉండిపోయింది.