రాజయ్య కాక తట్టిన కప్పు

ఆ నేలమాళిగలో అడుగుపెట్టగానే తడి రాతి వాసన ముక్కుకు తగిలింది. గోదావరిఖనిలో నేను రోజూ దిగిన బొగ్గుగని వాసనే అది. శిక్షణకని ఐరోపా వచ్చి, అక్కడి పాత విశ్వవిద్యాలయం చూస్తున్నాను. ఈ గది మొదట మఠానిదని, తర్వాత ఇక్కడే పాఠాలు చెప్పారని, యుద్ధంలో జనం ఇందులోనే తలదాచుకున్నారని మాకు అన్నీ తిప్పి చూపిస్తున్న పెద్దావిడ చెబుతోంది. నేను మాత్రం గొడుగు కర్రతో పైనున్న రాతికప్పును తట్టి చెవి పెట్టాను. తోటివాళ్లు ఘొల్లున నవ్వారు.

ఆ అలవాటు రాజయ్య కాక పెట్టింది. గనిలో ఆయన సర్దార్, కార్మికుల భద్రత చూసే మనిషి. కార్మికులు పనిలోకి దిగేముందు కప్పును కర్రతో తట్టేవాడు. ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే ఎవరినీ దాని కిందికి రానిచ్చేవాడు కాదు. కొత్త ఇంజనీరునైన నాకు ఆ వినడం ఓపిగ్గా నేర్పాడు. ఓసారి చాయ్ తాగుతూ ఈ విశ్వవిద్యాలయం ఫొటో చూపించాను, ఎప్పటికైనా చూడాలని ఆశ పడుతూ.

"ఎన్నేండ్ల కిందటిది సారూ?"

"వందల ఏళ్లది కాకా."

"గన్నేండ్లు కప్పు నిలవడ్డదంటే, ఎవడో తట్టి చూస్తనే ఉన్నడు."

ఒకరోజు షిఫ్టు అయిపోవస్తోంది. పూర్తిచేస్తానని పైవాళ్లకు మాటిచ్చిన పని ఇంకా మిగిలే ఉంది. కాక కప్పు తట్టి ఆగిపోయాడు.

"డొల్ల మోగుతున్నది సారూ. ఇయ్యాల వద్దు."

"నిన్న కూడా గిట్లనే అన్నవ్. జల్ది కానియ్ కాకా."

ఆయన అందరినీ వెనక్కి పంపి, కప్పుకు దన్నుగా దుంగ నిలబెట్టడానికి తానొక్కడే వెళ్లాడు. కప్పు ఆయన మీద కూలింది.

సర్దార్ కప్పు తట్టి చూడలేదని విచారణ కాగితంలో రాశారు. నేను సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. కొన్నాళ్లకు కాలనీలో కాక భార్య ఎదురుపడి, "మా ఆయన తట్టకుంట ఉంటడా సారూ, నువ్వే చెప్పు" అని అడిగింది. డ్యూటీకి ఆలస్యమవుతోందని చెప్పి వెళ్లిపోయాను.

నేలమాళిగలో ఆ పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "మా మేస్త్రీలూ ఇలాగే తట్టి వింటారు" అంటూ ఒక పాత రిజిస్టరు తెరిచి చూపించింది. తట్టిన వాళ్ల పేర్లు తరతరాలుగా అందులో ఉన్నాయి. నాకు చదవరాని పాత చేతిరాతలో, ఒకదాని కింద ఒకటి. చూస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఈ రాత్రి గదిలో కూర్చుని, ఇదంతా కాక భార్యకు కాగితం మీద రాస్తున్నాను. రేపు బయల్దేరుతున్నాను, ఊరు చేరగానే ఈ కాగితం నీ చేతికే ఇస్తాను అవ్వా. కాక తట్టాడు. వద్దన్నాడు కూడా. పంపింది నేనే.