ఆకుల కింద కుట్టిన చోటు

నానమ్మ ఆ గుడ్డ కుట్టడం మొదలుపెట్టినప్పుడు అది దేనికని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకూడదు. బతికున్న మనిషి దగ్గర ఆ మనిషి చావు మాట ఎత్తితే చావుని ఇంట్లోకి పిలిచినట్టేనని లావోస్ కొండల నుంచి వచ్చిన మా హ్మాంగ్ వాళ్ల భయం. అందుకని శనివారం సంతలో అమ్మడానికే కుడుతోందని అందరం నటించాం. నాన్న చెల్లెలు పావా అత్త ఇంకాస్త ముందుకు పోయి, "ఇంత పెద్దది ఎవరు కొంటారమ్మా? దీనికి గోడ కూడా మనమే కట్టివ్వాలేమో" అని వేళాకోళం చేసేది. నానమ్మ తలెత్తేది కాదు.

అది దేనికో అందరికీ తెలుసు. మాలో ఎవరైనా పోతే దారి చెప్పే పెద్దాయన శవం తల దగ్గర కూర్చుని పాడతాడు. పోయిన మనిషిని చివర ఉన్న ఇంటి నుంచి మొదలుపెట్టి వెనక్కి తీసుకెళ్లాలి. ఏ ఊళ్లో నీళ్లు తాగిందో, ఏ అడవిలో కట్టెలు కాల్చిందో ఆ చోట్లన్నిటినీ పేరుపేరునా పిలిచి, ఒక్కొక్క చోటుకీ కృతజ్ఞత చెప్పి, పుట్టిన ఊరిదాకా చేర్చాలి. అక్కడ పుట్టినప్పుడు తల్లి మంచం కింద పాతిన తన మావిని చొక్కాలా తొడుక్కుంటేనే పూర్వీకుల దగ్గరికి వెళ్లగలదు. మధ్యలో ఒక్క చోటు తప్పిపోతే మనిషి అక్కడే నిలిచిపోతుంది. తర్వాత వెతకడానికి వెళ్లేవాళ్లు ఉండరు.

నానమ్మ నడిచిన దారి చెప్పగలిగినవాళ్లు మిగల్లేదు. తాత థాయ్‌లాండ్‌లో, బాన్ వినాయ్ శరణార్థుల శిబిరంలో పోయాడు. యుద్ధమప్పుడు లావోస్ నుంచి పారిపోయి నది దాటేటప్పటికి నాన్నకి ఎనిమిదేళ్లు. అడిగితే, గుర్తులేదంటాడు. పావా అత్త శిబిరంలోనే పుట్టింది. నానమ్మకి రాయడం రాదు. చెప్పకూడదు, రాయలేదు, అందుకని కుట్టింది.

నానమ్మ పేరు బ్లియా. పొట్టి మనిషి. ఊపిరితిత్తులు పాడైపోయి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే ఉండేది. అమ్మా నాన్నా కోళ్ల ఫ్యాక్టరీలో పొద్దున్నే పనికి పోతే ఆమెని కనిపెట్టుకుని ఉండటానికి నేను పదో తరగతిలో బడి మానేశాను. అమెరికాలో, సెయింట్ పాల్‌లో మా ఇంటి వెనక కిటికీ పక్కన ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. బయట మంచు. నేను దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. ఆమె కుట్టేది.

బడి మానేసే ముందు ఇంగ్లిష్ టీచరు ఒక పడవ బొమ్మని, ఒక పద్యాన్ని పక్కపక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు ఇచ్చింది. బొమ్మ గీసిన మనిషి ప్రయాణాన్ని ఎలా చూపించాడు? కవి ఎలా వినిపించాడు? ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరిని పెద్దగా వేశారు, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది, ఉండాల్సింది ఏది లేదు? నాకు జవాబులు తోచాయి. చెయ్యెత్తలేదు. ఆ వ్యాసం రాయకుండానే బడి నుంచి వచ్చేశాను. ప్రశ్నలు మాత్రం నన్ను వదల్లేదు.

నానమ్మ గుడ్డ మీద దారి పై అంచు నుంచి కిందికి దిగుతుంది. పైన కొండలు, కొండల మీద గడ్డి ఇళ్లు. ఇళ్లు చిన్నవి, మనుషులు పెద్దవాళ్లు. ఇంటికన్నా మనిషి పొడుగ్గా ఉంటాడు. విమానాలు కాకుల్లా ఉంటాయి. దూరం చూపించాలంటే ఆమె మనుషుల్ని చిన్నవాళ్లుగా చెయ్యదు, మళ్లీ కుడుతుంది. అవే మనుషులు, అవే బట్టలు, ఒక జానెడు కింద ఇంకోసారి. అది చూస్తుంటే దారి చెప్పే పాట గుర్తొచ్చేది. అందులోనూ ఒక్కో చోటు రెండేసి వరసల్లో వస్తుంది. మొదటి వరసలో చెప్పిందే రెండో వరసలో వేరే మాటల్లో చెబుతారు, ఎడమ అడుగు పక్కన కుడి అడుగు వేసినట్టు. వింటుంటే నడుస్తున్నట్టే ఉంటుంది. నానమ్మ కుట్టూ అలాగే నడిచేది.

నేను మనుషుల్ని లెక్కపెట్టాను. పైన కొండ దిగేటప్పుడు ఐదుగురు: తాత, తాత వాళ్ల అమ్మ, నాన్న, నానమ్మ, నానమ్మ వీపున ఎర్ర గుడ్డలో నల్లదారం ముడంత తల. కింద నది దగ్గర నలుగురు. ఎర్ర గుడ్డ నానమ్మ వీపునే ఉంది. దానిలో ముడి లేదు. అందరి ముక్కులూ నది వైపుంటే ఒక్క నానమ్మ ముక్కు వెనక్కి తిరిగి ఉంది.

ఆమె చూసే వైపు ఏముందా అని వేలితో వెతుక్కుంటూ వెళ్లాను. నదికి పైన, కాలిపోయిన పొలం గుడిసెకి కింద అరచేయంత ఆకుపచ్చ గుడ్డ. దాని మీద ఆకులు, ఆకుల మీద ఆకులు. మిగతా గుడ్డంతా పల్చన, ఇక్కడొక్కటే మందం. మా పాత పనిలో ఒక పద్ధతి ఉంది: రెండు పొరలు వేసి, పై పొరని కత్తిరించి, అంచు లోపలికి మడిచి కుడితే కింది పొర బొమ్మగా బయటపడుతుంది. ఇక్కడ పై పొర వేసి ఉంది. కత్తిరించలేదు.

"నానమ్మా, ఇక్కడ రెండు పొరలున్నాయి" అన్నాను.

సూది ఆగింది. "నోరు పెగలదు గాని కళ్లు మాత్రం ఊరంతా తిరుగుతాయి నీకు" అని నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "అక్కడేం లేదు. వాన. వానలో ఏం కనపడుద్ది?"

నాకు ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. ఆకుపచ్చ మీద వెలుతురు పడితే చూపు తిప్పేసుకునేదాన్ని. నాలుగు రోజులకి, ఒక మధ్యాహ్నం, నేనేమీ అడక్కుండానే నానమ్మ చెప్పింది. తల గుడ్డ మీదే వంచి, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. వెదురు పొదలో మూడు రోజులు దాక్కున్నారు. దారి మీద సైనికులు. బిడ్డకి దగ్గు. నోరు మూసినా దగ్గు ఆగడం లేదు. ఆ దారిన వచ్చిన తల్లులందరూ చేసిందే అత్తగారు ఈమెని చెయ్యమంది. బిడ్డని నిద్రపుచ్చమని నల్లమందు ఉండ తీసి చేతిలో పెట్టింది.

"గోరంత పెట్టమంది. నేను గోరంతే పెట్టాను" అని నానమ్మ తన చిటికెనవేలు గోరు నాకు చూపించింది. "నీకు పెద్దగా కనపడుతోందా ఇది? చెప్పు."

లేదన్నాను. ఆమె చాలాసేపు ఆ గోరు వైపే చూసింది.

అక్కడ మూడు రోజులు నీళ్లు తాగారంటే అది కూడా ఉన్న చోటే. దారిలో చెప్పాల్సిన చోటే. ఆ మాట అనాలని నోరు తెరిచాను. అంటే ఆమె చావు గురించి ఆమెతోనే మాట్లాడినట్టు. మూసుకున్నాను. ఆమెకి నా మొహం చూస్తే తెలిసిపోయింది.

"ఆ బిడ్డని పేరు పెట్టి పిలిస్తే అది లేచి కూర్చుంటుంది పిల్లా. ఏమడుగుతుందో నాకు తెలుసు. నేను ఆకుల మీదుగా దాటి పోతా. కత్తెర పెట్టనని మాటివ్వు."

మాటిచ్చాను.

మార్చిలో మంచు కరగకముందే నానమ్మ పోయింది. అంత్యక్రియల హాల్లో మొదటి రోజు పొద్దున దారి పాట మొదలైంది. దారి చెప్పే న్యావూ తాత శవం తల దగ్గర చిన్న పీట మీద కూర్చున్నాడు. నానమ్మకి ముందు నడిచి దారి చూపించడానికి కోడిపుంజు. చేతిలో చీల్చిన వెదురు బద్దలు రెండు. పోయిన మనిషి ఒక చోటు దాటడానికి ఒప్పుకుందో లేదో ఆ బద్దలు పడే తీరే చెబుతుంది. నాన్న ఎదురుగా నిలబడి రెండు చేతులతో గుడ్డ పట్టుకున్నాడు. న్యావూ తాత కింది నుంచి పైకి చదువుతున్నాడు. మా ఇల్లు, అంతకుముందు అద్దె గదులు, విమానం, శిబిరం. ఒక్కొక్కటీ రెండేసి వరసలు. బద్దలు మొదటిసారే సరిగ్గా పడుతున్నాయి. నేను ఆడవాళ్ల మధ్య కూర్చుని లంగా అంచు లాగుతూ ఉన్నాను. నది వచ్చింది. నది దాటింది. న్యావూ తాత ఆ కాలిపోయిన గుడిసె పేరెత్తి బద్దలు వేశాడు.

పడలేదు. పాట మళ్లీ చెప్పి వేశాడు. పడలేదు. మూడోసారి వేసినప్పుడు ఒక బద్ద దొర్లుకుంటూ వెళ్లి శవపెట్టె కింద ఆగింది. మగవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకొక్కదానికే తెలుసనుకున్నాను, ఆమె ఎక్కడ నిలబడి ఉందో.

"నదికీ ఈ గుడిసెకీ మధ్య ఎన్ని రోజులు నడిచారు?" అని తాత నాన్నని అడిగాడు.

"గుర్తులేదు తాతా. చిన్నవాణ్ణి" అన్నాడు నాన్న.

నేను నాన్న మొహం చూడలేదు, చేతులు చూశాను. కుడి బొటనవేలు సరిగ్గా ఆ ఆకుపచ్చ గుడ్డ మీదే ఉంది. దాన్ని రుద్దుతోంది.

దారి పాట మధ్యలో ఆడపిల్ల లేవకూడదు. మాట్లాడటం సంగతి సరే సరి. ఇచ్చిన మాట తప్పితే పోయిన మనిషి కోపం ఇంటిల్లిపాదికీ తగులుతుందంటారు. తప్పకపోతే నానమ్మ ఆ నది ఒడ్డునే, వెదురు పొద బయట, లోపలికి వెళ్లలేక, పైకి పోలేక, ఎప్పటికీ. రెండు భయాల్లో ఏది పెద్దదో తేలకముందే నా కాళ్లు లేచాయి.

"కూర్చో మూగమ్మా" అని పావా అత్త నా లంగా పట్టుకుంది.

"ఒక చోటు ఉంది తాతా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "ఆకుల కింద ఉంది. కత్తిరించాలి."

తాత కోప్పడతాడనుకున్నాను. ఆయన గుడ్డ మీదికి వంగి, ముసలి వేలితో మందం చూసుకుని, వంటగదిలో చెయ్యమన్నాడు. ఇనుము శవం దగ్గరికి రాకూడదు. శవానికి తొడిగే బట్టలకి గుండీలు కూడా తీసేస్తాం. వంటగదిలో పెద్ద గిన్నెలో పంది మాంసం ఉడుకుతోంది. అత్త నా వెనకే వచ్చింది. కత్తెర అడిగితే ఇచ్చింది కాని వదల్లేదు, ఇద్దరం పట్టుకుని ఉన్నాం.

"ఏముందే అందులో?" అంది మెల్లగా.

"నీ అక్క."

కత్తెర వదిలేసింది.

కింది పొర దెబ్బ తగలకుండా పై పొరని మధ్యలో చీల్చి, నాలుగు రెక్కలుగా విప్పాను. తెల్ల గుడ్డ మీద వంగిన వెదుళ్లు. ఎర్ర గుడ్డలో పడుకోబెట్టిన బియ్యపు గింజంత బిడ్డ. పక్కన కూర్చున్న ఆడమనిషి. ఇక్కడ ఆమె ముక్కు బిడ్డ వైపే ఉంది. కుడి చేతికి నానమ్మ ఒక్క వేలే కుట్టింది. వెదురు వెనక నిలబడి చూస్తున్న ఇంకొకడు కూడా ఉన్నాడు, నడుమెత్తు పిల్లవాడు. తలపాగా నీలంది. పైన కొండ దిగేటప్పుడు నాన్నకి కుట్టిందే.

అత్త ఏడవలేదు. "నాకెవరూ చెప్పలేదు" అని మాత్రం రెండుసార్లు అంది.

గుడ్డ తెచ్చి నాన్న చేతికిచ్చాను. ఆయన విప్పిన రెక్కల మధ్య చూసి, ఆ నీలం తలపాగా మీద బొటనవేలు పెట్టాడు.

"చోటు పేరేమిటి?" అన్నాడు తాత.

"దానికి పేరు లేదు తాతా" అన్నాడు నాన్న. వేలు ఎర్ర గుడ్డ మీదికి జరిపి, "పిల్ల పేరు యేర్. నా చెల్లెలు. నేను చూశాను" అన్నాడు.

పేరు లేని చోటుని పాటలో ఎలా పెడతారో నాకు తెలియదు. తాత గుడ్డని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత కనిపించిందే పాడాడు: వెదురు ఇటు వంగిన చోటు, వెదురు అటు వంగిన చోటు, మూడు పగళ్లు నీళ్లిచ్చిన చోటు, మూడు పగళ్లు నీడ ఇచ్చిన చోటు. ఆ నీళ్లకీ నీడకీ కృతజ్ఞత చెప్పమన్నాడు. నీ కూతురు అడిగేది విను, విని, ఎర్ర గుడ్డ వీపుకి కట్టుకుని పైకి నడు, అన్నాడు. గొంతు ఎక్కడా పెంచలేదు.

బద్దలు వేశాడు. పడలేదు.

నేను కళ్లు మూసుకున్నాను. నానమ్మ చిటికెనవేలు గోరు కనపడింది. వింటోందా, వినలేక నిలబడిందా, లేక నన్ను తిడుతోందా? తాత తొందరపడలేదు. వినేవాళ్లకి టైమివ్వాలన్నట్టు కూర్చున్నాడు. మళ్లీ అవే వరసలు పాడి, మళ్లీ వేశాడు.

బద్దల చప్పుడు విన్నాను. ఎలా పడ్డాయో చూడటానికి ధైర్యం చాల్లేదు. పక్కన అత్త ఊపిరి వదలడం విని తెలుసుకున్నాను. పాట గుడిసె దాటింది, కొండెక్కింది, పుట్టిన ఊరికి చేరింది.

పాట అయ్యాక, గుడ్డ నానమ్మతోనే పోవాలి కాబట్టి, అంచులు మడిచి కుట్టమని తాత చెప్పాడు. కోసిన చోటు అలాగే వదిలేస్తే పోగులు ఊడి మళ్లీ మూసుకుపోతుందన్నాడు. వంటగదిలో కిటికీ దగ్గర కూర్చుని నాలుగు రెక్కలూ లోపలికి మడిచి కుట్టాను. కుట్లు వంకర పోయాయి. నానమ్మ అయితే విప్పి మళ్లీ కుట్టమనేది.

ముడి వేసి దారం తెంపగానే పావా అత్త అరచెయ్యి చాపింది. ఇనుము ముక్కేదైనా గుడ్డతో పాటు పెట్టెలోకి వెళ్లిపోతుందేమోనని ఆమె భయం.

"సూది చూపించు" అంది.

చూపించాను. తీసుకుని తన రవిక అంచుకి గుచ్చుకుంది. తర్వాత గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఆ కంత మీదంతా వేళ్లతో తడిమి, ఇంకా ఏదైనా పొర మిగిలిందేమోనని చూసింది.